అమ్మ పుట్టిన ఏడు

లిఫ్టు మెకానిక్‌కి ఆ ఉత్తరం సంగతి పని మధ్యలో తెలిసింది. తొమ్మిదంతస్తుల భవనం పైన, మోటారు గదిలో, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని భార్య ఫోన్‌కి పంపిన ఫొటోను పెద్దది చేసి చదివాడు. వలస కార్యాలయం వాళ్ళు రాసిన ఉత్తరం. శాశ్వత నివాసానికి అతను పెట్టుకున్న దరఖాస్తులో తల్లి పుట్టిన తేదీ దగ్గర ‘తెలియదు’ అని ఉందట. ఆరేళ్ళ కిందట అతని అక్క తల్లిని తన దగ్గరికి రప్పించుకున్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో మాత్రం ఒక తేదీ ఉందట. ఆ లెక్కన అక్క పుట్టేనాటికి తల్లికి పన్నెండేళ్ళు. ఈమె మీ కన్నతల్లే అనడానికి రుజువు కావాలి, ముప్పై రోజుల్లోగా తల్లినీ అక్కనూ వెంటబెట్టుకుని రండి అన్నది దాని సారాంశం.

చదివి ఫోను జేబులో పెట్టాడు. మళ్ళీ తీసి, పన్నెండు అన్న అంకె దగ్గర ఆగిపోయాడు.

పద్దెనిమిదేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. తన కళ్ళతో చూడని ఇనప తాడు బాగుందని ఏనాడూ సంతకం పెట్టి ఎరుగడు. తనిఖీ కార్డు మీద పాత తేదీ చెరిగిపోయి ఉంటే ‘తెలియదు’ అని రాసి లిఫ్టు ఆపేసేవాడు. మెట్లెక్కే వాళ్ళు ఆయాసపడుతూ తిట్టుకుంటూ పోతున్నా చెవిన పెట్టేవాడు కాదు. తోటి వాళ్ళు అతనికి ‘తెలియదుగారు’ అని పేరు పెట్టారు. దరఖాస్తు నింపేటప్పుడూ ఆ అలవాటే చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అప్పుడే వచ్చినట్టుంది, వాచిన కాళ్ళు కుర్చీ మీద చాపుకుని కూర్చుంది. ఉత్తరం చదవగానే కాళ్ళు దించేసింది.

“నీకేమొచ్చిందిరా? నన్నొక్క మాట అడిగుంటే అదే తేదీ చెప్పేదాన్ని కదా.”

“ఎక్కడిదక్కా ఆ తేదీ?”

అక్క వంటగది వైపు చూసి గొంతు తగ్గించింది. “ఫారం నింపి పెట్టినాయన గడి ఖాళీగా వదిలితే వెనక్కి కొట్టేస్తారన్నాడు. ఒకటో నెల ఒకటో తేదీ వేశాడు. ఏడు ఎంతంటే నోటికొచ్చింది చెప్పాను. కూడికలు తీసివేతలు చేసే తీరికెక్కడిది నాకప్పుడు? ఇప్పుడు నువ్వూ అదే రాసెయ్. ఇద్దరిదీ ఒకటే అయితే గొడవుండదు.”

“పన్నెండేళ్ళకి నిన్నెలా కందని అడుగుతారు.”

“అడగనీ. నిజం చెబితే అమ్మ నివాస కార్డు పోతుంది. పంపించేస్తే ఈ వయసులో ఎక్కడికి పోతుంది? నీకు నీ తెలియదే ముఖ్యమా?”

అక్క మాటలో న్యాయం ఉంది. ఆరేళ్ళుగా అమ్మను కంటికి రెప్పలా చూసుకుంటున్నది అక్కే. తను ఆదివారాలు వచ్చి పలకరించి పోయేవాడు.

అమ్మ వంటగదిలోంచి వచ్చింది. మెల్లగా మాట్లాడుకున్నా ఆవిడ చెవిలో పడనే పడింది.

“నేను పుట్టినప్పుడు గడియారం చూసుకున్నానట్రా తేదీ చెప్పడానికి?” అంది, తేలిక చెయ్యాలని.

అతను దరఖాస్తు నకలు తీసి బల్ల మీద పరిచాడు. రుజువుకి ఏ కాగితం పనికొస్తుందో తెలియక మొదటి నుంచీ పైకి చదువుకుంటూ వచ్చాడు. తండ్రి పేరు, పోయిన ఏడు. తోబుట్టువులు: బతికి ఉన్నవారు, చనిపోయినవారు, అందరి వివరాలు.

అమ్మ చేతిలో తుడుస్తున్న గిన్నె అలాగే ఉండిపోయింది.

“చనిపోయిన వాళ్ళవి కూడానా?”

“అందరివీ అమ్మా. మనకెవరున్నారు, నేనూ అక్కేగా.”

ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళింది. మోకాలికి తీసిన ఎక్స్‌రే కవరు తెచ్చి, ఫిల్ము వెనక నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక చీటీ లాగింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలు కాబోతున్న ఆసుపత్రి చీటీ. మగబిడ్డ. పుట్టిన తేదీ, పుట్టిన గంట, బరువు. కింద తల్లి పేరు, పక్కనే తల్లి వయసు ఇరవై రెండు.

“అక్క పుట్టిన మూడేళ్ళకి పుట్టాడు. పదకొండు రోజులున్నాడు” అంది అమ్మ. “ఆ మాట ఇంట్లో ఎత్తొద్దన్నారు మీ నాన్న. ఎత్తలేదు.”

అక్క చీటీ మీదికి వంగింది. అతను మాత్రం, ఆ క్షణంలో కూడా, మనసులో లెక్క కట్టేశాడు. ఇరవై రెండులోంచి మూడు తీసేస్తే పంతొమ్మిది. అక్క పుట్టేనాటికి అమ్మకి పంతొమ్మిదేళ్ళు. లెక్క కుదిరిందని కలిగిన ఊరటకి అతనికే సిగ్గేసింది.

“ఇది చూపిస్తే నేను రాయించింది అబద్ధమని తేలిపోతుంది” అంది అక్క చివరికి.

“చూపించకపోతే ఆవిడ మన అమ్మ కాదంటారు.”

ఆ తరవాత పన్నెండు రోజులు అక్క అతనితో మాట్లాడలేదు. వస్తుందో రాదో తెలియదు. కార్యాలయానికి వెళ్ళాల్సిన రోజు పొద్దున అతను మెట్ల దగ్గర నిలబడి ఉంటే, అమ్మ చెయ్యి పట్టుకుని బస్సు దిగింది. ఇస్త్రీ చీర, బిగించిన దవడ. అతని వైపు చూడలేదు.

అధికారిణి యాభై దాటిన మనిషి. ముందు రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని ఉంది. అతను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపి, నేరుగా అమ్మనే అడిగింది.

“మీ పుట్టిన తేదీ చెప్పండి.”

“తెలియదమ్మా.”

“మీ కార్డు మీద ఉందిగా?”

“ఉంది. నేను చెప్పింది కాదు.”

అతను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇక అక్క పేరు తనే చెప్పాల్సి వస్తుందేమో అనుకున్నాడు. ఈలోగా అక్కే ముందుకు జరిగింది.

“నేను రాయించానండి. ఖాళీగా ఉంటే వెనక్కి పంపేస్తారని భయపడ్డాను. ఆవిడకేం తెలియదు. ఏం చేసినా నన్ను చెయ్యండి.”

అధికారిణి పెన్ను కింద పెట్టింది. అతను ఆసుపత్రి చీటీ ముందుకు తోశాడు. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా వంగి చదివింది. తరవాత రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. ఇరవై అయిదు నిమిషాలు రాలేదు. అక్క కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. అమ్మ తలుపు మీంచి చూపు తిప్పలేదు. తన కార్డు గురించి కాదు, ఆ చీటీ చిరిగిపోతుందేమోనని.

వచ్చాక అధికారిణి మొదట చీటీని అమ్మ చేతికే ఇచ్చింది. ఉన్నదున్నట్టు ప్రమాణపత్రాలు రాసిమ్మని అక్కాతమ్ముళ్ళిద్దరితోనూ చెప్పింది. నిర్ణయం తన ఒక్కదాని చేతిలో లేదంది. పైవాళ్ళు ఏమంటారో మాట ఇవ్వలేనంది. చివరికి దరఖాస్తు అతని వైపు తిప్పి, తోబుట్టువుల పట్టికలో వేలు పెట్టింది. “ఇక్కడ ఇంకొకరిని రాయాలి.”

అతను రాశాడు. పేరు గడిలో ‘పెట్టలేదు’ అని రాశాడు. మిగతావన్నీ అమ్మ చీటీ చూడకుండానే చెబుతూ పోయింది. తన వయసు, మొగుడి వయసు లెక్క తెలియని మనిషి ఆ బిడ్డ పుట్టిన గంట కూడా తడుముకోకుండా చెప్పింది.

ఏడు వారాలు పట్టింది. పోస్టు డబ్బా చప్పుడైతే చాలు రెండిళ్ళల్లోనూ తలుపు దగ్గరికి పరుగెత్తేవారు. వచ్చిన కవర్లు మూడు. అతని దరఖాస్తు ఒప్పుకున్నారు. అక్కకి, ఇకముందు ఊహించి రాయవద్దని గట్టిగా హెచ్చరిక. అమ్మ కార్డు మార్చారు. తేదీ, నెల దగ్గర గీతలు, పక్కన ఏడు మాత్రం చీటీ లెక్కన సరైనది.

అక్క హెచ్చరిక కాగితం మడిచి పక్కన పెట్టింది. కొత్త కార్డు వంక చాలాసేపు చూశాక అమ్మ పక్కన కూర్చుని అడిగింది.

“నాకప్పుడు మూడేళ్ళు కదా. వాణ్ణి నేను చూశానా అమ్మా?”

“చూడకపోవడమేంటే” అంది అమ్మ. “ఒళ్ళో పెడితే బరువుగా ఉన్నాడని ఏడ్చావు. తీసేస్తే మళ్ళీ ఇమ్మని ఏడ్చావు.”