ప్రయాణికుడికి అక్కర్లేదట

ఇది ఇతిహాసమంత కథ. ఇందులో ఆకాశం ఉంది. నమ్మకద్రోహం ఉంది. ఏడు సముద్రాలు లేకపోయినా రెండు ఉన్నాయి. ఆరడుగుల రెండంగుళాల వీరుడున్నాడు, వాడి పక్కనే తిరుగుతూ వెన్నుపోటు పొడిచినవాడూ ఉన్నాడు.

ఇలా మొదలుపెడితే మీరు కాస్త నిటారుగా కూర్చుంటారని ఆశ. ఇక సర్దుకోండి. ఇది విమానంలో ఒక సీటు గురించి. ఆ సీటు కూడా నాది కాదు.

నాలుగేళ్లుగా మోస్తున్నాను దీన్ని. గుండెల మీద కొండ అని రాయాలని సరదాగా ఉంది కానీ, కొండంత లేదు. పంటి సందులో ఇరుక్కున్న పీచు లాంటిది. తింటున్నాను, నవ్వుతున్నాను, పదిమందిని నవ్విస్తున్నాను. నాలుక మాత్రం రోజుకు వందసార్లు అక్కడికే పోయి వస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. మా గల్లీలోనే యాదగిరి అన్న ఉంటాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం పాలిటెక్నిక్ చదివాం, ఆదిబట్ల వైపు విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో ఒకేరోజు పరీక్షకు కూర్చున్నాం. ఒక లోహపు ముక్కకు రంధ్రం వేసి, కొలత చూపించాలి. అతని రంధ్రం అడిగినంత ఉంది. నాదీ రంధ్రమే, కాకపోతే దానికి వాళ్లు స్క్రాప్ అని పేరు పెట్టారు. అతన్ని లోపల మిషన్ల దగ్గరికి తీసుకున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చనీ, నోరు ఊరుకోదనీ, నన్ను ఆఫీసులో ప్రయాణాల టేబుల్ ముందు కూర్చోబెట్టారు. ఎవరు ఏ దేశం పోవాలన్నా టికెట్లు, వీసాలు నేనే చూడాలి. ఇక అక్కణ్నుంచి మొదలు. మా భాగాలు కొని విమానాల సీట్లు చేసే విదేశీ కంపెనీ ఎప్పుడు పిలిచినా యాదన్నే పోవాలి, నేనే పంపాలి. జర్మనీకి ఒకసారి, రెండోసారి, ఐదోసారి. నా పాస్‌పోర్టు మాత్రం పెళ్లికి కుట్టించుకున్న సఫారీ లాగా బీరువాలో మడత విప్పకుండా ఉంది.

"యాదగిరి మళ్ల జర్మనీ పోయిండంట గద," అనేది అమ్మ అన్నం పెడుతూ.

"నేనే పంపిన అమ్మా."

"పంపుడు కాదురా, పోవుడు."

దీనికి నా దగ్గర జోకు లేదు. ఇప్పటికీ లేదు.

అతను చేసేది చెప్పాలి. విమానంలో ముందు భాగంలో పడుకుని పోయే ఖరీదైన సీట్లుంటాయి కదా. మీట నొక్కితే కాళ్ల కింద ఒక పలక లేస్తుంది. ఆ పలకను మోసే కీలు మా దగ్గర తయారవుతుంది. అరచేయంత ఉంటుంది. లోపల హింజ్ అంటారు. యాదన్న చెయ్యి పడకుండా ఒక్క కీలూ గేటు దాటదు. అలాంటి మనిషి ఐదుసార్లూ వెనక భాగంలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పోయి వచ్చాడు. ఒక్క మాట అనలేదు. నాకు అదొక కోపం. సణిగేవాణ్ని చూసి అసూయపడటం తేలిక, మధ్యలో జాలి అయినా కలుస్తుంది. ఈయన ఆ సౌకర్యం కూడా ఇవ్వలేదు.

ఆరో ప్రయాణానికి వారం ముందు, భోజనాల వేళ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతులకు ఇంకా నూనె ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"తమ్మీ, ఒక మాట అడుగుత. నవ్వద్దు."

"నవ్వకపోతే నాకు జీతం కోస్తరన్నా. అడుగు."

"నేను తిరిగిన దానికి నా పేరు మీద మైళ్లు జమైనయన్నవ్ గద. గవిటితోని ముందట సీటు ఇస్తరా?"

"ఏందన్నా, మోకాళ్లు తిరగబడ్డయా?"

"మోకాళ్లను పోనియ్. మన హింజ్ లేదా, గది. మూడేండ్ల సంది చేస్తున్న. బల్ల మీద పెట్టి వేలసార్లు మడిచిన, తెరిచిన. దాని మీద ఒక్క మనిషి కాళ్లు చాపంగ సూడలే. ఒక్కసారి నా కాళ్లే పెట్టి సూడాలని ఉంది."

"దర్జాగ పండుకొని పోవాలని చెప్పరాదే సక్కగ."

"దర్జా ఎవనిక్కావాలెరా. సప్పుడొస్తదా లేదా తెల్వాలె."

"సప్పుడా?"

"మంచి హింజ్ సప్పుడు చెయ్యది. బల్ల మీద చేస్తలేదు. మనిషి బరువు వడ్డంక చేస్తదేమో, ఎవలు చెప్తరు నాకు? గా సీట్ల కూసునేటోళ్లు పండుకుంటరు, గంతే." గొంతు తగ్గించి అన్నాడు. "జర సూడు తమ్మీ. నువ్వు తలుచుకుంటే అయితది."

"సూస్త అన్నా. ఫికర్ చెయ్యకు."

అన్నాను. నిజంగానే అన్నాను. ఆ క్షణంలో నా మనసులో పాపం లేదు. ఉందా? ఉంటే ఎక్కడో వెనక వరుసలో, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉండాలి.

ఇక్కడ చిన్న చిక్కు ఉంది. యాదన్న మైళ్లు ఒక విమాన సంస్థ దగ్గర ఉన్నాయి. ఈసారి ఎక్కబోయే విమానం ఇంకో సంస్థది. ఈ రెండూ భాగస్వాములు. అంటే వియ్యంకుల్లాంటివాళ్లు. మన ఇంట్లో మన మాట చెల్లుతుంది, వియ్యంకుల ఇంట్లో చెల్లాలంటే ముందే కబురు పెట్టాలి, వాళ్లకు వీలుండాలి, మర్యాదగా అడగాలి. టికెట్టు కూడా అందుకు తగిన రకం అయి ఉండాలి. పని మీద పోయేవాళ్లకు మా కంపెనీ తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొంటుంది కాబట్టి, ఆ గండం దాటినట్టే.

మర్నాడు ఫోన్ చేశాను. సంగీతం వినిపిస్తూ అరగంట ఆపారు. ఆ అరగంట నన్ను పాడు చేసిందని నా అనుమానం. ఖాళీగా ఉంటే నేను ఊహిస్తాను. యాదన్న తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంటాడు. గాజు గ్లాసులో పండ్లరసం. కాళ్లు చాపుతాడు. కీలు చప్పుడు చెయ్యదు. చెయ్యదని నాకు తెలుసు, ఎందుకంటే అతను చేసింది. తిరిగొచ్చి గల్లీలో చెప్తాడు. అతను చెప్పకపోయినా వాళ్లమ్మ చెప్తుంది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ అంటుంది: "యాదగిరి పండుకొని పోయిండంట. నువ్వు కూసోని ఏం జేస్తున్నవ్?"

సంగీతం ఆగింది. అవతల ఒక అమ్మాయి. చాలా మర్యాద. భాగస్వామి సంస్థతో మాట్లాడాననీ, రెండో వరుసలో కిటికీ పక్కన ఒక్క సీటు ఉందనీ, మైళ్లు సరిపోతాయనీ, అభినందనలనీ ఇంగ్లీషులో చెప్పింది. ఖరారు చెయ్యమంటారా?

నేను ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించానని చెప్పుకుంటే నాకే గౌరవం. ఆలోచించలేదు. ఉద్యోగం తెచ్చిపెట్టిన అదే మంచి ఇంగ్లీషులో, తప్పులేకుండా, ప్రయాణికుడికి అక్కర్లేదట అని చెప్పాను.

ఆ అమ్మాయి సరేనంది. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. వద్దు, చేసింది చాలు అన్నాను. ఆమె నవ్వింది. అంటే చూడండి, ఆ పనిలో కూడా ఒక నవ్వు సంపాదించాను.

సాయంత్రం కంపెనీ బస్సులో యాదన్నకు చెప్పాను. వియ్యంకుల దగ్గర మన మాట చెల్లలేదన్నా, కుదరదంట అని. మొహం చూడకుండా చెప్పడానికి కిటికీలోంచి రావిర్యాల వైపు ఏదో చూస్తున్నట్టు నటించాను. అతను నా భుజం తట్టి, "పోనీ తియ్. నువ్వు కోశిష్ చేసినవ్ గద, గదే మస్తు," అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి నేను మర్చిపోయేవాణ్ని.

తర్వాత జరిగింది అతను తిరిగొచ్చాక క్యాంటీన్‌లో చెప్పాడు. పదిమంది చుట్టూ కూర్చున్నారు. వెనక్కి పోయేవాళ్లు ఆ ఖరీదైన సీట్ల మధ్యలోంచే నడవాలి. రెండో వరుసలో కిటికీ పక్క సీటు ఖాళీగా కనబడిందట. బ్యాగు పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి, సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడట.

"మనదేరా! అంచుకు మన మార్కు తగిలింది ఏలికి. ఇంతల ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఏం పోయింది సార్ అన్నది. ఏం చెప్పాలె? పెన్ను అన్న. గా పిల్ల గూడ ఒంగి ఎతుకవట్టె. ఎనకోళ్లు నెట్టవట్టిరి. నేను సిగ్గుతోని చస్తున్న. ఆఖరికి గామె తన పెన్నే ఇచ్చి పంపింది నన్ను."

జేబులోంచి పెన్ను తీసి చూపించాడు. క్యాంటీన్ అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఏమనుకున్నానో చెప్పాలి, ఇందుకే కదా కూర్చున్నాను. మార్కు కూడా తడిమేశాడా అనుకున్నాను. నేను సీటు తీసేసినా వీడికి దక్కాల్సింది దక్కిందే అనుకున్నాను. పైగా ఆ గుంపును నవ్వించడం నా పని. రంధ్రం వేసే ఉద్యోగం ఎలాగూ అతనికే పోయింది, ఇప్పుడు ఇది కూడానా?

అందరూ లేచి పోతుంటే నాతో మాత్రం ఒక ముక్క అన్నాడు. "గా సీటు ఖాళీగనే పోయింది తమ్మీ. దిగేటప్పుడు సూసిన. దుప్పటి గూడ ఇప్పలే."

అది ఫిర్యాదు కాదు. చూసింది చూసినట్టు చెప్పాడు, కొలత చెప్పినట్టు. ఆ సీటు ఇంకెవరికో పోయి ఉంటే నేను బతికిపోయేవాణ్ని. ఎవరో ఒక ముసలాయన పడుకున్నాడని, పుణ్యం అటు పోయిందని లెక్క సరిచేసుకునేవాణ్ని. ఎవరికీ పోలేదు. తొమ్మిది గంటలు ఒక ఖాళీ సీటు, దాని కింద అతని కీలు, ఇరవై వరుసల వెనక మోకాళ్లు ముడుచుకుని అతను. నేను ఎవరి దగ్గరా ఏమీ గుంజుకోలేదు. ఉన్నదాన్ని ఉత్తగా పోనిచ్చాను. నాకేం వచ్చింది? ఒక్క పూట అమ్మ మాట పడకపోవడం. అది కూడా రాలేదు, ఆ రోజు అమ్మ ఇంకేదో విషయం మీద తిట్టింది.

తర్వాతి ఏడాది అతను ఇంకోసారి పోయాడు. అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మైళ్లున్నాయి, ఫోన్ ఉంది, నేనున్నాను. కానీ ఇప్పుడు కుదిరింది అంటే అప్పుడెందుకు కుదరలేదు అని అడుగుతాడు కదా. అడగడు, నాకు తెలుసు. అడగకుండా ఒకసారి చూస్తాడు, కీలును వెలుగులో పెట్టి చూసినట్టు. ఆ చూపుకు భయపడి ఫోన్ ముట్టుకోలేదు. మొదటిసారి చేసింది అసూయ. దానికైనా కాస్త వేడి ఉంటుంది. రెండోసారి చేసింది చల్లగా కూర్చుని చేసిన పిరికితనం. రెంటిలో ఏది పెద్దదో మీరే చెప్పండి. వద్దు, చెప్పకండి.

ఒకసారి అతనితో ఒప్పుకున్నాను కూడా. బస్సులో, పక్కపక్కన కూర్చుని ఉన్నాం.

"అన్నా, గా సీటు వద్దన్నది నేనే."

"నువ్వా?" అని గట్టిగా నవ్వాడు. "నీకు గంత ధైర్యం యాడిదిరా!"

నేనూ నవ్వేశాను. అతను నమ్మకపోవడం అతని తప్పు కాదు. పొద్దున లేస్తే నేను ఇలాంటివే పది చెప్తాను. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. ఆ మాట నవ్వేలాగే అన్నాను. నమ్మకుండా ఉండేందుకు ఏ గొంతు వాడాలో నాకు బాగా తెలుసు, ఆ గొంతే వాడాను. ఒప్పుకున్న పేరూ నాకే, తప్పించుకున్న సుఖమూ నాకే.

ఆ సీట్ల పని ఇప్పుడు వేరే చోటికి పోయింది. యాదన్న షిఫ్టు ఇన్‌ఛార్జి అయ్యాడు, కొత్తవాళ్లకు కొలవడం నేర్పుతాడు. విదేశం పోయే పని లేదు. చప్పుడొస్తుందా రాదా అన్నది అతనికి ఇంకా తెలియదు. అడిగితే, "ఎవలన్న పండుకున్నోళ్లు చెప్పాలె," అంటాడు. నేను అసూయపడింది సీటును చూసి కాదు. ప్రపంచంలో తాను చేసిన ఒక వస్తువు ఉండి, అది ఎలా ఉందో వినాలని చెవి ఒగ్గేవాణ్ని చూసి. నేను టికెట్లు కొన్నాను. టికెట్టు చప్పుడు చేస్తుందా అని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు చెప్పేశాను. జోకు గొంతుతో కాదు, చాలావరకు. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కొంచెం గాలి ఆడుతోంది, అంతవరకే.

నిన్న ఆ విమాన సంస్థకు ఫోన్ చేశాను. చాలాకాలం వాడలేదని యాదన్న మైళ్లు రద్దయ్యాయట. రద్దయిన ఆరు నెలల్లోపు అడిగితే తిరిగి జమ చేస్తారట. ఇది ఏడో నెల.