చూసే పక్క జాగా

మా ఇంటి గోడ మీద క్యాలెండర్ ఎప్పుడూ వంకరే. మా ఆవిడ మూడుసార్లు మేకు మార్చింది. అయినా ఎడమకు వాలుతుంది. ఆ పొద్దున కూడా దాని మీదే విసుక్కుంటుంటే కబురొచ్చింది, వీధి చివర ఫోటో స్టూడియో అన్న పోయాడని. దాన్ని సరిచేసే మనిషి ఇక లేడు.

ఎమ్మిగనూరులో సగం పెళ్లిళ్లు ఆయన తీసినవే. నేను మగ్గం నేసేవాణ్ని. ఐదో తరగతితో బడి వదిలేసిన నాకు చూడటం నేర్పింది ఆయనే. మా పనిలో చీరకు రెండు పక్కలా అంచు సమానంగా రావాలి కదా, అందుకే ఫోన్‌తో ఎవరిని తీసినా నట్టనడుమ నిలబెట్టేవాణ్ని. ఆయన తల కొట్టుకునేవాడు.

"ఇది సీర కాదప్పా. మనిషి యా పక్క సూస్తాడో ఆ పక్క జాగా ఇడువు. సూపు పోయేదానికి దోవ ఉండల్ల."

"ఖాళీ జాగాలో ఏముంటాదన్నా?"

"నీ బుర్రలో ఉండేదే!"

పోయిన నెల ఆయన గడప మీద కూర్చుని వీధిలోకి చూస్తుంటే, ఆ మాట ప్రకారమే తీశాను. మనిషి కుడి ఓరకు, మిగతాదంతా ఎండ పడిన వీధి. చాలాసేపు చూశాడు. "ఇది మాత్రం ఎవురితోనూ కోయించొద్దు" అన్నాడు.

పెద్ద దినం కర్మ రోజు పొద్దున ఆయన కూతురు ఏడుస్తూ వచ్చింది. "సిన్నాయనా, ఊరందరినీ తీసిన మనిషికి దండేసేదానికి ఒక్క ఫోటో లేదు." ఆధార్ కార్డులోది ఉంది గానీ, అందులో పోలీసులు వెతికే మనిషిలా ఉన్నాడు. నా ఫోన్‌లోది చూపించాను. పూజ పన్నెండుకు. మీరే చెప్పండి, ప్రింటు ఎక్కడ తీయించాలి? ఆయన మీది గౌరవంతో ఊళ్లో స్టూడియోలన్నీ మూసేశారు! బస్సెక్కి ఆదోనికి పరుగెత్తాను.

అక్కడి షాపాయన, నేను కళ్లజోడు తుడుచుకునేలోపే వీధినంతా కోసేశాడు. మొహాన్ని నడుమకు లాగి, వెనక రోజాపూలు పెట్టాడు.

"ఏం జేసినావప్పా?"

"సచ్చిపోయినోళ్లకు ఇట్లే జేస్తాం పెద్దాయనా. నడిమ ఉంటేనే దండ సమంగా పడతాది."

"దండ కోసం మనిషిని కోస్తావా? ఆయప్ప వీధి ఆయప్పకు తిరిగియ్యి!"

"మళ్లీ మొదట్నుంచి జెయ్యల్ల. ఆలిస్యమైతే నన్ననొద్దు."

పదిన్నర దాటింది. కోసింది తీసుకుంటే వేళకు చేరతాను. కోయనిదానికి ఆగితే, ఫోటో లేకుండానే పూజ అయిపోవచ్చు. "కోయకుండానే ఇయ్యి" అన్నాను.

బస్సు చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగింది. "రోంత తొందరగా పోనీ అన్నా" అని నాలుగోసారి అంటే, డ్రైవరు వెనక్కి తిరిగాడు. "నువ్వే తోల్తావా పెద్దాయనా?"

ఫ్రేము చంకలో పెట్టుకుని నేను గడప తొక్కేసరికి అయ్యవారు కర్పూరం చేతిలోకి తీసుకున్నాడు. ఫోటో గోడకు తగిలించారు. దండ ఒక ఓరకు పడింది, వీధి తెరిచే ఉంది. కూతురు కళ్లు తుడుచుకుంది. "నాయిన మన వీధినే సూస్తాండాడు సిన్నాయనా."

ఇప్పుడు చెప్పుకోవాలి. మా క్యాలెండర్ వంకరలో మేకు తప్పేమీ లేదు. ఆయన వచ్చే వేళకు నేనే ఒక వేలితో నెట్టేవాణ్ని. వంకర కనబడితే ఆయన మా గడప దాటి ముందుకు పోలేడు. లోపలికొచ్చి సరిచేస్తాడు, ఆ తర్వాత ఒక టీ, గంట కబుర్లు.

అందరూ భోజనాలకు లేచాక, ఆ ఫ్రేమును కూడా ఒక వేలితో ఎడమకు వాల్చాను. వాల్చి, గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను.