అర్థం చెప్తేనే డబ్బింగ్

ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లోని మా డబ్బింగ్ స్టూడియోకు రహమత్ నగర్ నుంచి యాదమ్మగారు గొంతు ఇవ్వడానికి తొలిసారి వచ్చారు. ఒక కంపెనీ యజమానురాలు చర్చిలో ఫాదర్ ముందు తన మోసం ఒప్పుకునే సీను. తెలుగు డైలాగులు రాసింది నేనే. ఈక్విటీ, ఎన్‌క్రిప్షన్, అబ్సల్యూషన్ అన్న ప్రతి మాట దగ్గరా ఆమె ఆగి అర్థం అడిగారు.

"చూసి చదివెయ్యమ్మా. లేదంటే వేరేవాళ్లని పిలుస్తా," అన్నారు డైరెక్టర్.

"పిలువుండ్రి సారూ. తెల్వని మాట నా నోట్లకెళ్లి రాదు."

నేనే బెరుగ్గా లోపలికి వెళ్లి చెప్పాను: కంపెనీలో వాటా, సమాచారానికి వేసే తాళం, పాపం ఒప్పుకున్నవాళ్లకు ఫాదర్ ఇచ్చే క్షమాపణ.

"ఒప్పుకుంటెనే ఇస్తరా బిడ్డా?"

"అవునండీ, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే."

మొదటి టేకే ఓకే అయింది. ఆ క్షమాపణ అడిగేటప్పుడు ఆమె గొంతు ఎంత చిన్నదైపోయిందో! డైరెక్టర్ మిగతా సీన్లు కూడా ఆమెకే ఇచ్చారు.

కాన్వెంట్‌లో అబ్సల్యూషన్ అన్న మాటకు అర్థం రాసి పదికి పది తెచ్చుకున్నదాన్ని నేను. అది మనిషి గొంతులో ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను. అర్థం అడగకుండానే మీరు వాడేస్తున్న మాట ఏది?