కృపానందం గారి పటిక

కృపానందం విజయవాడలో ఓ కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. అయిదేళ్లుగా వాల్తేరు యూనివర్సిటీ పీహెచ్‌డీ జాబితాలో పేరుంచుకుని, ఒక్క స్ఫటికం కోసం పడిగాపులు పడుతున్నాడు. పటిక స్ఫటికమే! కానీ కొట్లో దొరికేది కాదు. లోపల పొగమచ్చ కూడా లేకుండా, ఎనిమిది ముఖాలూ అద్దాల్లా తేలాలి. దాన్ని వాల్తేరులో కొలిస్తేనే థీసిస్.

డెబ్భై రెండు చివర్లో ఉద్యమంతో కాలేజీలు మూతపడితే, పటిక ద్రావణం ఉన్న గాజుగిన్నెని ఒళ్లో పెట్టుకుని బస్సులో కంకిపాడు ఇంటికి తెచ్చేశాడు. కాలేజీ తెరిచాక కూడా, కదిపితే పాడవుతుందని అక్కడే ఉంచాడు. ఏడు నెలలు అందులో దారానికి వేలాడుతూ స్ఫటికం నిమ్మకాయంత అయింది. ఆ గదిలో ఎవరైనా తుమ్మినా ఊరుకునేవాడు కాదు.

జులైలో గైడు తిరుపతిరావు గారి కార్డు వచ్చింది. నెలాఖరుకి రీడింగులు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఇంక పొడిగించరు.

స్ఫటికాన్ని బయటికి తీసి, దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, రైలు టిక్కెట్టు కోసం బెజవాడ వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ సంపూర్ణమ్మ బిందెల ముందు కూర్చునుంది. కాలవకి కొత్త నీళ్లొచ్చి అంతా ఎర్రటి బురద.

"చూశావా నాయనా, ఎంత తేటపడ్డాయో! కొట్టు పటిక దీని ముందు ఎందుకూ పనికిరాదు. నాలుగు బిందెల్లో తిప్పాను, మడ్డంతా అడుక్కి దిగిపోయింది."

ఆమె చేతిలోది అందుకున్నాడు. అంచులన్నీ అరిగి, గోలీకాయలా గుండ్రంగా ఉంది.

"అమ్మా, దీని ముఖాలు పోయినయ్యే!"

"రాయికి ముఖాలేంట్రా? నువ్వే బయటికి తీశావు కదా, పనైపోయిందనుకున్నా. పటికే కదా ఇది?"

"పటికే."

"మరి? సగం పైనే ఉందిగా. తుడిచిస్తాను, పట్టుకెళ్లు. మీ సారు అడిగితే కాస్త వాడామని చెప్పు."

నవ్వొచ్చింది. మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ పెంచాలంటే ఏడు నెలలు. చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు. ఏ పుస్తకం తెరిచినా అది పటికే. అమ్మ మీద అరవడానికి కూడా ఏమీ దొరకలేదు.

మర్నాడు స్టాఫ్ రూములో యూనివర్సిటీకి కాగితం రాయడానికి కూర్చున్నాడు. పీహెచ్‌డీ మానుకోవడానికి కారణం దగ్గర కలం ఆగిపోయింది. పక్క కుర్చీలోని సీనియర్ లెక్చరర్ హనుమయ్య గారు తొంగిచూశారు.

"అనారోగ్యం అని రాసెయ్యవయ్యా. ఎవరూ అడగరు. నేనూ అదే రాశాను."

"మీరా? ఎప్పుడండీ?"

"అరవై నాలుగులో."

కృపానందం అదే రాశాడు.