నిలబెట్టి తీసిన కొలత

మా నాన్న గుర్రాన్ని తెచ్చిన రోజు మల్కాపురంలో మా వీధి వీధంతా వచ్చి చూసి నవ్వింది. "సేపలోడికి గుర్రమేటి బావా, దీన్నేసుకుని వేటకెల్తావేటి?" అన్నాడు పక్కింటాయన. నాన్న గుర్రాన్ని గుంజకి కట్టుకుంటున్నాడు. ఆయన తరఫున ఎప్పుడూ నేనే అనేదాన్ని. "నువ్వు స్కూటరు కొన్నపుడు మేమేటన్నా అన్నామా మావా? అది నీ పొట్టని మోత్తంటే జాలేసినా ఊరుకున్నాం గదా" అన్నాను. నా నోటికి వీధిలో అప్పటికే పేరుంది. ఆయన స్కూటరు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే గుర్రం ఎందుకో నాకూ అర్థం కాలేదు. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే ఆడగుర్రం అది. గోధుమ రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ, వయసు మళ్ళింది. తిప్పేవాడు ఆ పని మానుకుని ఊరెళ్ళిపోతుంటే నాన్న తెచ్చేసుకున్నాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది చేపలు పట్టే కులమే గానీ, నాన్న పోర్టులో సరుకులెత్తే ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని.

నాన్నకి ఎడమ పాదం సగమే ఉండేది. ఓడలాగే డాకులో ఇనపతాడు తెగి కాలి మీద పడి వేళ్ళు పోయాయి. అది మానాక వేసుకున్న బూటు లోపల పుండు పడింది. ఆ దెబ్బకి పాదంలో స్పర్శ పోయింది కాబట్టి ఆయనకి తెలియలేదు. తెలిసేసరికి సగం పాదం తీసెయ్యాల్సి వచ్చింది. తర్వాత ఆసుపత్రిలో అలాంటి కాళ్ళకే జోళ్ళు కుట్టే ఆయన ఒక జోడు కుట్టిచ్చాడు. నాన్న దాన్ని ఎవరి ముందూ విప్పేవాడు కాదు, నా ముందు కూడా. తలుపేసుకుని కడుక్కుని, మేజోడు తొడుక్కునే బయటికి వచ్చేవాడు.

గుర్రం ఎందుకో మొదటి ఆదివారం తెలిసింది. మల్కాపురం వెనక కొండ దాటితే యారాడ. నాన్న పుట్టింది అక్కడే, సముద్రం ఒడ్డున. ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క, అంటే మా అత్త, ఇంకా అక్కడే కొడుకు దగ్గర ఉండేది. అప్పటికి ఆవిడ చూపు పోయింది, నడుం పడిపోయి మంచం దిగలేకపోయేది. కొండ దాటి ఆవిడని చూడటానికే గుర్రం.

"ఆటో ఉంది గదా నాన్నా" అన్నాను.

"ఆటోలో ఎల్తే సుట్టంలా ఉంటాదే. ఆడు హారను కొడితే లేసొచ్చీడమే" అన్నాడు.

అది సగం నిజం. అరుగు మీద నుంచి రికాబులో కాలు పెట్టి ఆయన జీను ఎక్కి కూర్చున్నప్పుడు మిగతా సగం చూశాను. నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోయే మనిషి నిటారుగా ఉన్నాడు. గుర్రం మీద ఉన్నవాడి పాదం ఎవరూ చూడరు. నేను లోపలికెళ్ళి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

అలా ఏడాదిన్నర పాటు ఒక్క ఆదివారం తప్పలేదు. కొండ దిగాక చివరి మలుపు దగ్గర సిమెంటు రోడ్డు మొదలవుతుంది. దాని మీద గుర్రం ఇనప నాడాల చప్పుడు వినబడగానే అత్త మంచం మీద నుంచి కోడలికి కేకేసేది, "టీ పెట్టే, నా తమ్ముడొచ్చినాడు" అని. నాన్న వెళ్ళేసరికి గ్లాసు సిద్ధంగా ఉండేది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాన్న ప్రతిసారీ నవ్వేవాడు.

రెండో ఏడు వానలు తగ్గాక గుర్రం గిట్టలు చెడిపోయాయి. మేకులు కొట్టిన చోటల్లా గిట్ట పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. నాడాలు కొట్టే తాత కంచరపాలెం నుంచి వచ్చేవాడు. కాలెత్తి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంక ఇనుము వొద్దమ్మా. మేకు పట్టడానికి సోటు నేదు. కొడితే పగిలిపోతాది" అన్నాడు.

"నాడా లేకుండా కొండెక్కుద్దా తాతా?"

"ఆ కంకర మీదా? రెండడుగులేసి కుంటుతాది."

ఆ వారంలోనే పెళ్ళి ఊరేగింపుల బ్యాండు ఆయన వచ్చాడు. కొండలెక్కని గుర్రమైనా ఆయనకి పనికొస్తుందట, మండపం ముందు పూలదండలేసి నిలబెడితే చాలట. నాన్న ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఆ మాట అని అరుగు మీద కూర్చుంటే, ఇంక ఆయన మిగతా ఆదివారాలన్నీ అక్కడే కూర్చుంటాడని నాకు అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో కూడా తెలియదు. మిషను దగ్గర కూర్చుని గుర్రానికి బూట్లు కుట్టడం మొదలుపెట్టాను.

మొదటి జత ముందు కాళ్ళకి, లారీ టార్పాలిన్‌తో కుట్టాను, అడుగున లారీ టైరు ముక్క వేసి. చూడటానికి మందుల సంచుల్లా ఉన్నాయి. కొండ మొదటి మలుపు దాటకుండానే రెండూ జారిపోయాయి. ఒకటి తిరగబడి మోకాలి దాకా ఎక్కింది, గుర్రం బెదిరింది. రెండో జత చెప్పులు కుట్టే ఆయన చేత తోలుతో కుట్టించాను. తాతలాగే నేనూ కాలెత్తి ఒళ్ళో పెట్టుకుని, కాగితం మీద గిట్ట చుట్టూ గీసి కొలత ఇచ్చాను. ఈసారి కొండ సగం దాకా ఉన్నాయి. తర్వాత బురదలో ఒకటి ఉండిపోయింది. గుర్రం నడిచి వచ్చేసింది, జోడు మాత్రం వెనక బురదలో నిలబడి ఉంది.

"ఉండవా, ఎలా ఉండవో సూత్తాను" అనుకుని ఇంకో తోలు పటకా వేసి, గిట్ట పైన కాలికి బిగించి కట్టాను. ఊడలేదు. ఇంటి చుట్టూ, వీధి చివరి దాకా మూడు రోజులు నడిపించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజు నాన్న పటకా విప్పి చూశాడు. కింద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఈగలు వాలాయి. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన గుర్రం కాలి దగ్గర నేల మీద కూలబడిపోయాడు.

"నా కాలికి పుండు పడితే నాకు తెల్లేదు. దీనికి తెలిసింది, సెప్పడానికి నోరు నేదు" అన్నాడు.

 పసుపు, వేపనూనె తెచ్చి రాస్తూ "నాను సూసుకోనేదు నాన్నా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

"కొలతెలా తీసినావే?"

"కాలెత్తి పట్టుకుని. తాత అలాగే గదా సేత్తాడు."

"తాత మేకు కొట్టాల, ఎత్తకపోతే ఎలాగ? నా జోడుకి కొలత తీసినాయన నన్ను కుర్సీలో కూకోబెట్టనేదు. నిలబడమన్నాడు. బరువంతా ఆ కాలు మీదే ఎయ్యమన్నాడు. అలా నిలబడినపుడే కాలు అసలెంతుందో తెలుస్తాదంట."

గుర్రం అనగానే కాలెత్తడం తప్ప మాకు ఇంకేమీ తోచలేదు. నాడాలు కొట్టేటప్పటి అలవాటది, జోళ్ళకి కూడా అదే చేశాం.

నాన్న మర్నాడే తన జోడు కుట్టిన ఆసుపత్రి ఆయన దగ్గరికి వెళ్ళాడు. "బావా, నాను మనుసులకే కుడతాను" అన్నాడట ఆయన. "రెండు కాళ్ళకి కుట్టినోడివి, నాలుక్కాళ్ళకి కుట్టలేవేటి?" అన్నాడట నాన్న. సెలవు రోజున ఆయన వచ్చాడు. తాతనీ పిలిచాం. గుర్రం కాళ్ళ గురించి ఇంకొకడు చెప్పడానికి వచ్చాడని తాత మొహం ముడుచుకుని కూర్చున్నాడు గానీ, ముందుగా గిట్టల్ని ఆకురాయితో సమంగా రాసిపెట్టింది ఆయనే.

"నెలకోసారి ఇలా రాయాల. గోరు పెరిగితే జోడు తన్నేస్తాది" అన్నాడు తాత.

"అది మాత్రం నిజం" అన్నాడు ఆసుపత్రి ఆయన. దాంతో తాత మొహం విప్పారింది.

గుర్రాన్ని చెక్క మీద నిలబెట్టాం. అటు పక్క కాలు తాత ఎత్తి పట్టుకున్నాడు, బరువంతా ఇటు కాలి మీద పడేలాగ. నేను ముగ్గుపిండి తెచ్చి గిట్ట చుట్టూ వేశాను. కాలు తీశాక చెక్క మీద ఆకారం తేలింది. నా పాత కాగితం తెచ్చి దాని పక్కన పెట్టాం. వెనక మడమ వైపు రెండు పక్కలా చెక్క మీది ఆకారం వడ్లగింజ మందం వెడల్పుగా ఉంది.

"ఇంతేనా?" అన్నాను. ఇంత చిన్న తేడాకి నేను రెండు నెలలు ఏడ్చానా అనిపించింది.

"సెప్పులో పడ్డ రాయి ఎంతుంటాదమ్మా?" అన్నాడు ఆసుపత్రి ఆయన.

ఆయన నాలుగు కాళ్ళకీ కుట్టిన జోళ్ళు వేరు. అడుగున కంచరపాలెం పాతసామాన్ల కొట్లో దొరికిన కన్వేయర్ బెల్టు రబ్బరు. వెనక మడమని పట్టుకునే రెండు రెక్కలు, లోపల రగ్గు ముక్క. పటకా కిందనే, గిట్ట మీదనే ఉంది, కాలిని తాకదు. "వేలు దూరాల. బిగించావంటే ఊరుకోను" అన్నాడు నా వైపు చూసి. నా సంగతి నాన్న ముందే చెప్పేసినట్టున్నాడు.

ఆ రెండు నెలలూ నాన్న యారాడ వెళ్ళలేదు. చేపలమ్మడానికి వచ్చే ఆవిడతో "పనుంది, వొచ్చే వారం వొస్తాను" అని అక్కకి కబురు పంపేవాడు. గుర్రం సంగతి చెప్తే దిగులు పడుతుందని చెప్పలేదు. ప్రతి వారం అదే కబురు.

పుండు మానాక ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నాన్న గుర్రం మీద, నేను వెనక నడిచి. ఆ కొండ మీద నుంచి సముద్రం ఎంత బాగుంటుందో అందరూ చెప్తారు. నేను నాలుగు గిట్టలు తప్ప ఏమీ చూడలేదు. ప్రతి మలుపు దగ్గరా నాన్న వెనక్కి తిరగకుండానే అడిగేవాడు.

"ఉన్నాయేటే?"

"ఉన్నాయి."

బురద దగ్గర ముందు కాలు మడమ దాకా దిగబడింది.  చప్పుడు చేస్తూ కాలు పైకి వచ్చింది, జోడుతో సహా. "ఉంది నాన్నా" అన్నాను, ఆయన అడగకుండానే. ఆయన గుర్రం మెడ మీద తట్టాడు.

చివరి మలుపు తిరిగి సిమెంటు రోడ్డు మీదికి వచ్చాం. రబ్బరు కదా, ఏ చప్పుడూ లేదు. అత్త ఇంటి ముందు నులకమంచం మీద పడుకుని ఉంది, మొహం రోడ్డు వైపు పెట్టి. మేం పది అడుగుల దూరంలోకి వెళ్ళిపోయినా ఆవిడకి తెలియలేదు. లోపల ఉన్న కోడలితో మాట్లాడుతోంది.

"మీరు నాకు సెప్పట్నేదు గాని, ఆడి కాలు తీసీసినారే. మొత్తం తీసీసినారు. లేకపోతే రెండు నెల్లు రాకుండా ఉండడు ఆడు."

నాన్న గుర్రాన్ని ఆపేశాడు. ఆయన మొహం నేను చూడలేకపోయాను. జీను మీద నుంచే "అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

అత్త చెయ్యి గాలిలోకి లేచింది. నాన్న నా భుజం పట్టుకుని దిగి, మంచం మీద కూర్చున్నాడు. వీధిలో జనం ఉన్నారు. గుర్రాన్ని చూడటానికి చుట్టుపక్కల వాళ్ళంతా బయటికి వచ్చారు. నాన్న వంగి, ఎడమ జోడు విప్పాడు. మేజోడు కూడా తీసేశాడు. ఆ సగం పాదాన్ని మంచం మీదికెత్తి అక్క చేతుల్లో పెట్టాడు. అన్నేళ్ళలో నేను దాన్ని చూడటం అదే మొదటిసారి.

అత్త రెండు చేతులతో తడిమింది. మడమ, మధ్యలో వంపు, కుట్లు పడిన అంచు, మళ్ళీ మడమ.

"ఉందిరా" అంది.

"ఉందప్పా."

"సచ్చినోడా, సప్పుడు సెయ్యకుండా వొస్తావేట్రా" అని వీపు మీద ఒకటి వేసింది. గుర్రానికి జోళ్ళు వేశామని చెప్తే నమ్మలేదు. నేను గుర్రాన్ని మంచం దాకా నడిపించి కాలెత్తి పట్టుకుంటే, చేత్తో నిమిరి నవ్వింది. "మెత్తగా ఉన్నాయే. నాకూ కుట్టించు ఓ జత" అంది. ఏడుస్తూనే అంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నాన్న చివరి మలుపు దగ్గర గుర్రాన్ని ఆపి, "అప్పా" అని గట్టిగా కేకేసేవాడు. ఎప్పుడూ గొంతు లేవని మనిషి. ఇంటి వైపు నుంచి "టీ పెట్టే" అని వినబడేది. అప్పుడు మళ్ళీ కదిలేవాళ్ళం. జోళ్ళు అరిగితే ఆసుపత్రి ఆయన కొత్తవి కుట్టాడు. నెలకోసారి తాత వచ్చి గిట్టలు రాసేవాడు. జోడు మళ్ళీ ఎప్పుడూ ఊడలేదు.

మూడేళ్ళకి అత్త పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక ఒక ఆదివారం నాన్న గుర్రానికి జీను వెయ్యమన్నాడు. వేశాను. కొండ ఎక్కి దిగాం. చివరి మలుపు దగ్గరికి రాగానే గుర్రం ఆగిపోయింది. నాన్న మడమతో తట్టాడు. కదల్లేదు. కళ్ళెం కదిపాడు. కదల్లేదు. చెవులు వెనక్కి తిప్పి నిలబడింది.

నేను ముందుకెళ్ళి జోళ్ళు చూశాను, రాయేమైనా దూరిందేమోనని. ఏమీ లేదు. అప్పుడు నాకు అర్థమైంది. నాన్నకి నా కంటే ముందే అర్థమైంది.

"పిలు నాన్నా" అన్నాను.

ఆయన జీను మీద నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత ఎప్పటిలాగే గట్టిగా "అప్పా" అని కేకేశాడు. గుర్రం కదిలింది.