సముద్రం సారు వచ్చిన రోజు

పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూస్తుంటే, మా పాత ఉపాధ్యాయుల గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. ఏదో బడిలో పిల్లలంతా అట్టతో చేసిన చేప టోపీలు పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. నడుమ శాలువా కప్పుకున్న అతిథి ఒక్కడే గొడుగు నీడలో ఉన్నాడు. సముద్రాన్ని కాపాడుదాం అని కింద రాసుంది. అతిథి మొహం చూడగానే నాకు ఒళ్లు మండింది. ఆయనెవరో నాకు తెలియదు. కానీ ఆ బాపతు మనుషులు బాగా తెలుసు.

పామిడికి అవతల ఒక ఊళ్లో నేను సైన్సు టీచరుగా ఉన్నప్పటి మాట. ఆ బడి బోరులో నీళ్లు ఎప్పుడో అడుగంటాయి. పిల్లలు సంచిలో పుస్తకాల కన్నా ముందు నీళ్ల సీసా సర్దుకునేవాళ్లు. అలాంటి ఊరికి ఆ ఏడు ఎవరూ అనుకోని వానలు పడి, చాలా ఏళ్ల తర్వాత చెరువు నిండింది. వేరుశనగ పోయిందని ఏడ్చినవాళ్లే సాయంత్రమైతే కట్ట మీదికి వచ్చి నీళ్లు చూసి పోయేవాళ్లు. సరిగ్గా అప్పుడే, సముద్ర జీవుల గురించి, చేపల్ని పొదుపుగా పట్టడం గురించి పిల్లలకు అవగాహన కల్పించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చెప్పడానికి కోస్తా నుంచి ఒక సారు కారులో దిగాడు. నల్ల కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని, మా గోడలకు ఒళ్లు తగలకుండా నడిచాడు. పిల్లలు అరగంటలోనే ఆయనకు సముద్రం సారు అని పేరు పెట్టేశారు.

రెండు గంటలు చెప్పాడు. తిమింగలాలు, తాబేళ్లు, పగడపు దిబ్బలు. తెర మీద ఆ నీలం నీళ్లు కదులుతుంటే మా పిల్లలు తిమింగలాన్ని వదిలేసి నీళ్లనే చూశారు. సన్న కంతల వలలు వాడకూడదన్నాడు, గుడ్లు పెట్టే కాలంలో చేపను పట్టడం పాపమన్నాడు. గొంతు కూడా కాస్త వణికించాడు. అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతె లేచింది. వాళ్ల నాయన చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టేవాడు, ఆ ఏడు మా ఊరి చెరువులోనే వల వేస్తున్నాడు. "మా నాయన గుడ్ల మీదుండే చేప వలలో పడితే మళ్లీ నీళ్లల్లోకే ఇడిసిపెడతాడు సార్. సముద్రంలో కూడా అంతేనా?" అని అడిగింది. ఆ రెండు గంటల్లో ఆ గదిలో పుట్టిన తెలివైన మాట అదొక్కటే. ఆయన గడియారం చూసుకుని, చెరువు వేరు, సముద్రం వేరు, కూర్చోమన్నాడు.

వస్తూ వస్తూ కారులోంచి చెరువు చూశాడట. చేప జన వేపుడంటే, అంటే కడుపులోని గుడ్ల తిత్తి వేయిస్తారే, అదంటే తనకు ప్రాణమని మా హెడ్మాస్టరు చెవిన వేశాడు. మా హెడ్మాస్టరు పిల్లలకు మరుగుదొడ్డి తలుపు పెట్టించడానికి మూడేళ్లు ఆలోచించిన మనిషి. జన అనేసరికి ఆయన కాళ్లకు చక్రాలొచ్చాయి. ఆ పిల్ల నాయన్ని బడికి పిలిపించాడు. అతను చేతులు కట్టుకుని వసారాలో నిలబడ్డాడు. పిల్ల పక్కనే ఉంది.

"ఇప్పుడు దాన్ని పట్టేది తప్పు సార్," అన్నాడతను. "పొద్దన ఆ కారులో వచ్చిన సారే చెప్పినాడంట గదా. మా పాప చెప్పింది."

హెడ్మాస్టరుకు కోపం వచ్చింది, సిగ్గు మాత్రం రాలేదు. అతను వెళ్లిపోయాక అటెండరును చెరువు అవతలి గట్టుకు పంపాడు. అక్కడెవరో దోమతెరతో పిల్లచేపలతో సహా ఊడ్చి పడుతున్నారు. కడుపు ఉబ్బిన చేపలు రెండు వచ్చాయి. మధ్యాహ్న భోజనం వండే అక్క చేతే వేయించారు. స్టాఫ్ రూములో సముద్రం సారుతో కలిపి నలుగురం కూర్చున్నాం. అవును, నాలుగో మనిషిని నేనే. హెడ్మాస్టరుతో పోట్లాట ఎందుకులే అనుకున్నాను. తిన్నాను. రుచిగానే ఉంది. పొద్దుటి పాఠానికి గోడకు తగిలించిన చేపల చార్టులు తిరిగి ఇవ్వడానికి వచ్చిన ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నా కంచం చూసింది. చార్టులు బల్ల మీద పెట్టి పోయింది. సాయంత్రం నివేదిక రాసింది కూడా నేనే, పిల్లలు ఎంతో ప్రయోజనం పొందారని.

మర్నాడు క్లాసులో, నిన్నటి పాఠంలో ఏం నేర్చుకున్నావని ఆ పిల్లను అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు.

"సముద్రంలో అయితే పట్టకూడదంట టీచర్. ఈడ పట్టొచ్చు," అంది. ఎగతాళి కాదు, నోట్సు అప్పజెప్పినట్టే చెప్పింది.

తర్వాత వాళ్ల నాయన్ని బడికి పిలిచి పిల్లలకు చెప్పిద్దామని నేనంటే, అతనికి ఏ అర్హత ఉందని హెడ్మాస్టరు నవ్వాడు. ఆయన్ని అడగకుండానే పిల్లల్ని కట్ట మీదికి తీసుకుపోయాను. అతను వల కంతలో మూడు వేళ్లు దూర్చి చూపించి, ఇంత సందులో దూరిపోయేది ఇంకా పిల్లచేప, దాన్ని పోనియ్యాల అన్నాడు. పావుగంటలో పిల్లలకు అర్థమైంది. నాకు మెమో వచ్చింది. ఆ పిల్ల మాత్రం ఆ రోజంతా నాయన పక్కనే నిలబడింది గానీ నా వైపు రాలేదు. చదువు ముగిసి ఆ బడి విడిచి పోయేదాకా నన్ను మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ పిల్లలు మనం చెప్పినవన్నీ మరిచిపోతారని ఉపాధ్యాయులం దిగులుపడుతుంటాం. నేను మాత్రం, ఆ ఒక్క మధ్యాహ్నాన్ని ఆ పిల్ల మరిచిపోయేంత కాలం గడిచిందా అని లెక్కపెట్టుకుంటున్నాను.