మూడు సీసాల సాక్ష్యం

మా సంఘంలో ఆ రోజుల్లో పాపం చేసి మారినవాడికి ఉన్న గౌరవం, అసలు పాపమే చేయనివాడికి ఉండేది కాదు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న మాట. ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే అందరూ చెవులు రిక్కించేది అతని పూర్వజీవితం కోసమే. తాగుడు, పేకాట, కొట్లాట... ఎంత లోతు గోతిలో పడి లేస్తే అంత గట్టిగా హల్లెలూయలు వినిపించేవి. నేనేమో నెలల పిల్లాడిగానే గుడిలో ప్రతిష్ఠ అయి, సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా ఒక స్టీలు గిన్నె బహుమతిగా తెచ్చుకుని (మా ఇంట్లో ఇప్పటికీ పప్పు వాటిలోనే), రైల్వేలో గార్డుగా పనిచేసే నాన్న ఈల వేస్తే తప్ప కదలకుండా పెరిగినవాణ్ణి. పూర్వజీవితం అనేది నాకు లేనే లేదు. ఇరవై ఏళ్ల వయసులో అది చాలా పెద్ద లోటుగా కనిపించేది.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, ఇంట్లో రెండు పూటలా తినడానికి కాస్త సిగ్గుపడుతున్న సమయంలో మా సంఘం యూత్ పది రోజుల మిషన్ ట్రిప్‌కు పేర్లు ఇమ్మంది. గోదావరి అవతల అడవిలో ఏదో గూడెం. నేను అందరికంటే ముందు పేరిచ్చాను. టార్చిలైటు, దోమతెర, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొన్నాను. వీధి వీధంతా తిరిగి వీడ్కోలు చెప్పుకున్నాను. పక్కింటి ఆంటీ అయితే నా తల మీద చేయిపెట్టి పాముల నుంచి కాపాడమని కన్నీటితో ప్రార్థన చేసింది. బయలుదేరే ముందురోజు కబురొచ్చింది, వానలకు ఆ దారి తెగిపోయిందని. పాస్టరు గారు కళ్లు మూసుకుని, దేవుడు ఇంకో తలుపు తెరిచాడన్నారు. ఆ తలుపు నాచారంలో ఉంది.

మా ఇంటి నుంచి నాచారానికి సిటీ బస్సులో ఇరవై నిమిషాలు. ఇండస్ట్రియల్ ఏరియా వెనకాల కార్మికులు అద్దెకుండే గదుల వరసల మధ్య మా సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడే పది రోజులు ఉండాలి, చాపల మీద పడుకోవాలి, ఇంటి ముఖం చూడకూడదు. నియమాలన్నీ అడవివే, ఊరు మాత్రం మారింది. మా అమ్మ మాత్రం, నాచారానికి టార్చిలైటెందుకురా అని నవ్వుతూనే, గూడేనికి పంపుతున్నట్టు చింతకాయ పచ్చడి, జంతికలు సర్దింది. వీధిలో ఎవరికీ కనబడకుండా బూట్లు సంచిలో కుక్కుకుని బస్సెక్కాను.

మేం ఐదుగురం. మా నాయకుణ్ణి అందరం స్తోత్రం అన్న అనేవాళ్లం, ఎందుకంటే ఆయన ఏ వాక్యాన్నీ ఆ మాట లేకుండా ముగించేవాడు కాదు. 'ఉప్పు ఎక్కువైంది, స్తోత్రం' అని కూడా అనేవాడు. పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ వస్తే, డ్యూటీలకు వెళ్లే ఆడవాళ్ల డ్రమ్ములు నింపి గదుల దాకా మోసేవాళ్లం. తర్వాత పిల్లలకు పాటలు, ముసలివాళ్లను దవాఖానాకు తీసుకెళ్లడం. సాయంత్రం ఆరున్నరకు షిఫ్టు దిగినవాళ్లు వచ్చాక షెడ్డులో కూటం. రోజుకొకరం సాక్ష్యం చెప్పాలి. నిజానికి ఆ పది రోజుల్లో నేను చేసిన సేవ అంటూ ఏదైనా ఉంటే అది ఆ డ్రమ్ములు మోయడమే. అప్పుడు మాత్రం అది సేవలో భాగమని కూడా అనుకోలేదు, సేవ మొదలయ్యేలోపు పొద్దుపోక చేసే పని అనుకున్నాను.

మొదటి రోజు స్తోత్రం అన్న తన సంగతి చెప్పాడు. గొడవలు, పోలీసుస్టేషన్, కత్తిపోటు మచ్చ. షెడ్డంతా ఏడ్చింది. రెండో రోజు నా వంతు. నిజాయితీగా లేచి, సండే స్కూల్లో ఒకసారి అరచేతిలో వాక్యం రాసుకుని బహుమతి కొట్టేశానని, దానికి ఇప్పటికీ బాధపడుతున్నానని చెప్పి కూర్చున్నాను. రెండు నిమిషాలైంది. ముందు వరసలో కూర్చునే ఒక అవ్వ ఇంకా ఏదో ఉందని నా వైపే చూస్తూ ఉంది. చివరికి, "గంతేనా బిడ్డా?" అంది. ఆమె గొంతులో వెటకారం లేదు, పాపం, నిజంగానే అడిగింది.

అన్నం తినేటప్పుడు స్తోత్రం అన్న నన్ను పక్కకు పిలిచి, సాక్ష్యంలో లోతు ఉండాలి తమ్ముడూ, దేవుడు నిన్ను ఎక్కడి నుంచి లేపి ఎక్కడ నిలబెట్టాడో జనానికి తెలియాలి, స్తోత్రం, అన్నాడు. నన్ను ఉప్పల్‌లో లేపి నాచారంలో నిలబెట్టింది సిటీ బస్సు. సరే అన్నా అని కంచం కడుక్కోవడానికి లేచాను.

ఐదో రోజు సాక్ష్యం చెప్పాల్సిన మా జట్టు కుర్రాడికి జ్వరం వచ్చి మళ్లీ నన్నే లేపారు. బయట వాన. ఎటూ పోలేక జనం షెడ్డు నిండా ఉన్నారు. రేకుల మీద వాన చప్పుడుకు గొంతు పెంచాల్సి వచ్చింది, గొంతుతోపాటు తక్కినవన్నీ పెరిగాయి. నేను ఒకప్పుడు పచ్చి తాగుబోతునని చెప్పాను. ఇంటర్ రెండో ఏడు నుంచే మొదలుపెట్టానని, రోజుకు మూడు ఫుల్ బాటిళ్లు తాగేవాణ్ణని, మోరీల పక్కన పడిపోయేవాణ్ణని, మూడేళ్లు మా అమ్మ కన్నీళ్లతోనే అన్నం కలుపుకుందని చెప్పాను. (ఎందుకు మూడు అన్నానో నాకిప్పటికీ తెలియదు. నేను అప్పటిదాకా పుచ్చుకున్నది దగ్గు మందు ఒక్కటే, అదీ మూతతో కొలిచి.) ఒకరోజు పొద్దున గుడిలోంచి పాట వినబడి, ఆ క్షణమే సీసా విసిరేశానని, మళ్లీ ముట్టలేదని ముగించాను. అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. హల్లెలూయలు రేకులను దాటి పోయాయి. నేను గర్వంగా తలెత్తి చూస్తే, గుమ్మంలో గొడుగు ముడుచుకుంటూ, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో మా అమ్మ నిలబడి ఉంది.

కొడుకు జంతికలతోనే గడుపుతున్నాడేమో అని గుత్తివంకాయ వండుకుని, వానలో ఆటో మాట్లాడుకుని వచ్చిందట. ఎంతసేపటి నుంచి వింటోందో ఆమె ముఖమే చెప్పింది. ఇంతలో స్తోత్రం అన్న, ఆ తల్లి ఈమే అని అందరికీ చూపించాడు. ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరి, చేతులు పట్టుకుని, ఎంత గోస పడ్డవమ్మా అని ఓదార్చారు. మా అమ్మ నన్ను చూసింది, వాళ్లను చూసింది. నలభైమంది ముందు కన్నకొడుకును అబద్ధాలకోరు అనలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏం చేస్తామమ్మా, కన్నాక తప్పుతుందా" అంది. క్యారియర్ నా చేతికిస్తూ మాత్రం, నాకొక్కడికే వినబడేలా, "చెబితే చెప్పావు, మూడు అవసరమా? ఇంటికి రా, నీ సంగతి చెప్తాను" అని వెళ్లిపోయింది. ఆ వంకాయ కూర అందరూ లొట్టలేసుకుని తిన్నారు. నేను వడ్డించడంతోనే సరిపెట్టుకున్నాను.

మర్నాడు ట్యాంకర్ దగ్గర ప్యాకింగ్ అక్క నన్ను పట్టుకుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది కాబట్టి బస్తీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె భర్త ఇంజనీరింగ్ షాపులో లేత్ మిషను మీద పనిచేస్తాడు. నల్గొండ దిక్కు నుంచి వచ్చినవాళ్లు. సోమవారం శివుడి గుడికి పోతుంది, సాయంత్రం మా కూటానికీ వస్తుంది. భర్త తాగుడు మాన్పించడానికి ఆమె ఎక్కని గుడి లేదు. మాల వేసుకున్న నలభై రోజులూ అతను చుక్క ముట్టడని, మాల తీసిన రోజు ఆ నలభై రోజులదీ కలిపి తాగుతాడని చెప్పింది. "నువ్వు ఒక్క దినంల మానినవ్ గద తమ్మీ. ఎట్ల మానినవో గాయనకు జర నువ్వే చెప్పు. నా మాట ఇనడు, నీ మాట ఇంటడు" అంది. ఆమె డ్రమ్ము నా భుజం మీద ఉంది. నీళ్లు ఒలికి చొక్కా తడిసింది. అబద్ధమని చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను సరే అక్కా అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల గదికి వెళ్లాను. మంచం మీద శుభ్రంగా స్నానం చేసి, చిన్నపిల్లాడిలా తల దువ్వుకుని కూర్చున్నాడతను. అక్క మాకు చాయ్ ఇచ్చి, మేం మాట్లాడుకోవాలని పక్క గదికి వెళ్లింది. లేత్ అన్న చాయ్ తాగుతూ నన్ను తీరిగ్గా చూశాడు. ఇనుప కడ్డీలో వెంట్రుకవాసి తేడాను కంటితో పట్టే మనిషి. రోజుకు మూడు ఫుల్లా అని అడిగాడు. అవునన్నాను. మరి పొద్దున లేవగానే ఏమయ్యేదని అడిగాడు. కొంచెం తలనొప్పి అన్నాను. అతను గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ నా ముందు చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"నువ్వు ఎన్నడు తాగలే తమ్మీ" అన్నాడు. నా తల కిందికి దిగిపోయింది. "ఇయ్యాల పొద్దుగాల సంది ముట్టలే. గందుకే గిట్ల వణుకుతున్నయ్. మిషను కాడ నిలబడితె ఒక చెయ్యితోని ఇంకో చెయ్యి పట్టుకుంట. గీ సంగతి ఎర్కున్నోడు మూడు ఫుల్లని అనడు."

కోప్పడితే బాగుండేది. అతను కోప్పడలేదు. అక్కకు మాత్రం చెప్పొద్దన్నాడు. రెండు రోజుల నుంచి ఆమె నవ్వుతోందట, వంట చేస్తూ పాట కూడా పాడుతోందట. తర్వాత తన అసలు భయం చెప్పాడు. "కని నాకు బుగులైతుంది. ఆ పోరడు ఒక్క దినంల మానిండు, నీకేమొచ్చింది అంటది. నాతోని ఒక్క దినంల కాదు తమ్మీ. కాకుంటె ఇగ నేను మనిషినే కాదనుకుంటది."

అప్పటిదాకా అబద్ధం అంటే దేవుడికీ నాకూ మధ్య వ్యవహారమనుకున్నాను, రాత్రి ప్రార్థనలో సర్దుకోవచ్చని. అది ఒక మనిషి మెడ మీద కూర్చుంటుందని తెలియదు. నాకు నిజంగా భయం వేసింది, సిగ్గు వేసింది. చెబితే అక్క నవ్వు పోతుంది. చెప్పకపోతే ఇతను నేను అల్లిన మనిషితో రోజూ పోటీపడి రోజూ ఓడిపోతాడు. మూడు రోజులు డ్రమ్ములు మోస్తూ ఇదే ఆలోచించాను. బరువులో తేడా తెలియలేదు.

చివరి రోజు కూటంలో నేనే అడిగి లేచాను. నేను తాగలేదని, ఎప్పుడూ తాగలేదని, నాకు పూర్వజీవితం లేకపోతే అరువు తెచ్చుకున్నానని, ఒక్క రోజులో మానడం ఎలా ఉంటుందో నాకు తెలియదని, మానలేకపోతున్నవాడు నాకంటే నిజమైనవాడని చెప్పాను. ఎక్కువ మాటలు రాలేదు. స్తోత్రం అన్న, ఇక కూర్చో తమ్ముడూ, అన్నాడు. పది రోజుల్లో ఆయన చివర స్తోత్రం మరిచిపోయింది అప్పుడొక్కసారే. ప్యాకింగ్ అక్క లేచి, నా వైపు చూడకుండా, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అవ్వ ఎప్పట్లాగే కూర్చుంది. రోజూ బయట గోడకు ఆనుకుని వినే లేత్ అన్న ఆ రోజు మొదటిసారి లోపలికి వచ్చి, అక్క ఖాళీ చేసిన చోట కూర్చున్నాడు. మర్నాడు మేం బస్సెక్కేదాకా అక్క గది తలుపు తీయలేదు. ఆమె డ్రమ్ము నింపి గుమ్మం ముందు పెట్టి వచ్చాను. ఇంటికెళ్లాక అమ్మ తిట్టడానికి సిద్ధమై, నా ముఖం చూసి, అన్నం పెట్టింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. మొన్నీమధ్య ఏఎస్ రావు నగర్‌లో పిల్లను డాక్టరుకు చూపించి వస్తుంటే, చీరల దుకాణం ముందు ఎవరో, "మూడు సీసాల తమ్మీ" అని పిలిచారు. జుట్టు నెరిసింది గానీ ప్యాకింగ్ అక్కే. మా అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. ఎలా ఉన్నావు, ఏం పని అన్నీ అయ్యాక, అడగలేక అడగలేక అన్న గురించి అడిగాను.

"ఒక్కపారి మానలే తమ్మీ, పదిమార్లు మానిండు" అంది. "నీ మీద మస్తు కోపమొచ్చె నాకు. కని నువ్వు పోయిన సంది ఒకటైంది. తాగొచ్చి తాగలేదని ఎన్నడు అనలే. దర్వాజల నిలబడి, ఇయ్యాల తాగిన అని చెప్పి లోపటికొచ్చెటోడు. గా పోరడు గంతమంది ముంగట చెప్పిండు, నీ ఒక్కదానికి చెప్పలేనా అనెటోడు." సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "తాగిన అనే మాట ఇని నాలుగేండ్లాయె. ఇప్పుడు సీదా లోపటికే వస్తడు" అంది.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి షెడ్డులోలాగా నటన కాదు.

పోయిన ఆదివారం పాస్టరు గారు, మిషన్ ట్రిప్‌కు వెళ్తున్న కుర్రాళ్లకు ఒక సాక్ష్యం చెప్పమన్నారు. లేచి ఇదే చెప్పాను. అన్నేళ్లు వెతికినా దొరకని పూర్వజీవితం నాకు ఆ పది రోజుల్లోనే దొరికిందని, అది రేకుల షెడ్డు మీద వాన పడుతున్న ఒక సాయంత్రమంత ఉందని చెప్పాను. గడియారం చూసుకుంటే మూడు నిమిషాలు కూడా కాలేదు. ముందు వరసలో గిటారు పట్టుకుని కూర్చున్న కుర్రవాడు ఇంకా ఏదో ఉంటుందని నా వైపే చూస్తున్నాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు, మోకాళ్ల దాకా.

"గంతేనా అన్నా?" అన్నాడు.

గంతే తమ్మీ, అని కూర్చున్నాను.